జులై ఒకటిన పుట్టిన రాజులు

ఆ శుక్రవారం పొద్దున జమున టీచర్ కాళ్లు నేల మీద నిలవలేదు. సెంటినరీ కాలనీలోని ప్రైవేటు బడిలో ఏడో తరగతి బోర్డు మీద ఆరు ఒకట్లు రాసింది. పదకొండో తారీఖు, పదకొండో నెల, పదకొండో ఏడు. ఆ ఆరు ఒకట్లను మళ్లీ వాటితోనే గుణించమంది. పిల్లలు తలలు వంచి గుణించారు. లెక్క తేలేసరికి గదంతా ఒకటే గోల! జవాబు ఒకటి నుంచి ఆరు దాకా మెట్లెక్కి, మళ్లీ ఒకటి దాకా దిగింది: 12345654321.

"టీచర్, మంత్రమా?"

"మంత్రం లేదు, మన్ను లేదు. లెక్క! చూసిన్రా, ఎంత సక్కగున్నదో!"

"ఇయ్యాల పుట్టినోళ్లు గొప్పోళ్లయితరట గద టీచర్?"

"ఉర్దూ క్యాలెండర్ల ఇయ్యాల తారీఖే వేరు. సూర్యునికి మన క్యాలెండరు తెల్వదురా. లెక్కను చూసి సంబురపడుండ్రి, భయపడకుండ్రి."

ఆ మాట అన్న అరగంటకే ఆమెకే భయం పట్టుకుంది. ఇంటర్వెల్‌లో శివ ఫోను చేశాడు. శివ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు ఒప్పుకున్నారు, ఆదివారమే జమున ఇంట్లో వరపూజ.

"జమునా, కొంప మునిగింది. మా అమ్మ నిన్న కమ్యూనిటీ హాల్ల, పట్నం నుంచి వచ్చి నంబర్లతోని జాతకం చెప్పే సారును కలిసిందట. నాది ఒకటి నంబరట, సూర్యుడు. నీది ఎనిమిదట, శని. ఇద్దరికి పడదట. లగ్గమైతే నాకు గండమని చెప్పిండట. సంబంధం వద్దని రాత్రంత ఏడ్చింది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంటె వింటది? ఇయ్యాల పదకొండు గంటల పదకొండు నిమిషాలకు అందరి ముందట ఆయనతోని చెప్పించి, మీ ఇంటికి కబురు పంపుతదట. నేను డ్యూటీల ఇరుక్కున్న. ఏమన్న చెయ్యి!"

జమునకు ఒళ్లు మండిపోయింది. ఎవడో పట్నం నుంచి వచ్చి, నాలుగు కూడికలు చేసి, తనను శనిని చేసి కూర్చోబెట్టాడు! తనది ఎనిమిదో తారీఖే, అబద్ధమేమీ కాదు. మరి శివది ఒకటో తారీఖా? ఏ ఒకటి? జులై ఒకటి... జమున చటుక్కున ఆగింది. వెంటనే ఫక్కున నవ్వింది. ప్రిన్సిపాల్‌ను గంటసేపు పర్మిషన్ అడిగి స్కూటీ ఎక్కింది.

హాలు కిటకిటలాడుతోంది. నైట్ షిఫ్టు దిగి నిద్ర ఆపుకుంటున్న వాళ్లు, సెకండ్ షిఫ్టుకు ఇంకా పోనివాళ్లు, పింఛను పెద్దమనుషులు, ఆడవాళ్లు. ముందు వరుసలో శివ తల్లి సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కనే తండ్రి ఎల్లన్న కునికిపాట్లు పడుతున్నాడు. వేదిక మీద పట్టు లాల్చీ వేసుకున్న సంఖ్యాశాస్త్రం సారు గడియారం చూసుకుంటున్నాడు. ఆ ముహూర్తంలో ఆయన నోటి నుంచి ఏం వస్తే అదే జమున పెళ్లికి తీర్పు.

"సార్, ఒక్క మాట!" జమున నడిమధ్య నిలబడి అడిగింది. "ఒకటో తారీఖున పుట్టినోళ్లు ఎట్లుంటరు?"

సారు ముఖం వెలిగిపోయింది. "రాజులమ్మా! సాక్షాత్తు సూర్య సంతానం. ఒకరి కింద చెయ్యి కట్టుకుని నిలబడరు. వాళ్లు నడుస్తుంటే దారే తప్పుకుంటుంది."

"అందరూ గంతేనా?"

"సంఖ్య ఒకటైతే రాత ఒకటే. నా ముప్పయ్యేళ్ల పరిశోధన!"

జమున జనం వైపు తిరిగింది. "జులై ఒకటిన పుట్టినోళ్లు జర చేతులు లేపుండ్రి!"

మొదట ఎల్లన్నకు అటు పక్కనున్న ఎల్లేశం లేపాడు. తర్వాత అతని వెనకాయన. ఆ తర్వాత వరుసకు వరుస లేచింది. హాలులో సగం చేతులు పైనే ఉన్నాయి!

ఉండవు మరి? వెనకట గనిలో పేరు రాయించుకునేటప్పుడు ఎప్పుడు పుట్టావని గుమస్తా అడిగితే, గోదావరి పొంగిన ఏడని ఒకడు, కరువు ఏడని ఇంకొకడు చెప్పేవాడు. ఆయన మనిషిని ఎగాదిగా చూసి, ఏడు అంచనా వేసి, తేదీ కింద జులై ఒకటి పడేసేవాడు. పిల్లలను బళ్లో వేసినప్పుడు పంతులూ అదే రాసేవాడు. ఈ బొగ్గు బెల్టులో ఇది తెలియనిదెవరికి? తెలిసీ నిన్నటిదాకా ఎవరికీ తట్టలేదు, అంతే.

ఎల్లేశం మోచేత్తో పొడిస్తే ఎల్లన్న ఉలిక్కిపడి తనూ చెయ్యి లేపాడు. సంగతి తెలిశాక ఆయన నిద్ర ఎగిరిపోయింది.

"ఏమే, విన్నవా? నేను రాజునట! ఇన్నేండ్ల సంది తట్ట మోసిన రాజును!"

"నువ్వు నడిస్తే దారి తప్పుకుంటదా అన్నా?" అన్నాడు ఎల్లేశం.

"యాడ? నేనే డంపర్లకు తప్పుకుంట!"

నవ్వులతో హాలు అదిరిపోయింది. సారు చేతులు ఊపుతూ అరిచాడు. "అవి కాగితాల తేదీలు! శాస్త్రం అసలు పుట్టిన తేదీకే వర్తిస్తుంది!"

జమునకు కావలసింది ఆ మాటే. గబగబా వెళ్లి సమ్మవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఈమె కాదంటే ఇక ఎన్ని లెక్కలు వచ్చినా లాభం లేదు.

"అత్తమ్మా, శివ ఎప్పుడు పుట్టిండు?"

సమ్మవ్వ గుర్రుగా చూసింది. అయినా కొడుకు పుట్టుక గురించి అడిగితే ఏ తల్లి చెప్పకుండా ఉంటుంది?

"బతుకమ్మ పండుగల. ఎంగిలిపూలయినంక. తంగేడు పూలు తెంపుకొని వచ్చిన్నో లేదో నొప్పులు షురూ అయినయ్. మీ మామ షిఫ్టుకు పోయిండు. కనకవ్వ వచ్చి కాన్పు చేసింది. చినుకులు పడుతుండె..."

"దసరా ముంగట వచ్చే బతుకమ్మ జులైల వస్తదా అత్తమ్మా?"

సమ్మవ్వ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"సరే సరే," సారు గొంతు సవరించుకున్నాడు. "ఆ అసలు తేదీ చెప్పండమ్మా, మళ్లీ లెక్క కట్టి చూస్తాను."

సమ్మవ్వ లేచి కొంగు నడుముకు చెక్కుకుంది.

"కన్నదాన్ని నేనయ్యా! చినుకు యాదికున్నది, పూలు యాదికున్నయ్, తారీఖు నాకే తెల్వది. నా కొడుకు సూర్యుడని నీకెట్ల తెలిసె? గండమని ఎట్లంటివి? రాత్రంత మెతుకు ముట్టలే నేను!"

పదకొండు గంటల పదకొండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, ఎవరూ గడియారం చూడలేదు.

జమున సంబరం పట్టలేక లేచి సమ్మవ్వను వాటేసుకుంది. సమ్మవ్వ ఆమె గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది.

"అవునుగానీ పిల్లా, నీ ఎనిమిది అసలుదేనా? పంతులు రాసిందా?"

జమునకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "అసలుదే అత్తమ్మా. దవాఖానల పుట్టిన."

సమ్మవ్వ ఆమె తల నిమిరింది.

"మంచిగైంది. మా ఇంట్ల ఎవ్వలకు పుట్టినరోజు లేదు బిడ్డా. ఇగ ఏటేట నీదే చేసుకుందాం. ఆయితారం జల్ది తయారుండుండ్రి, పూలు పండ్లు పట్టుకొని వస్తం."