దిండు మీద పోగులు

పొద్దున లేస్తూనే ఉచ్చీరమ్మ చేసే మొదటి పని కళ్లలో చెరో చుక్క మందు వేసుకోవడం. రెండో పని దిండును వాకిట్లో వెలుతురుకు తెచ్చి, దాని మీద రాలిన పోగుల్ని ఒక్కొక్కటే ఏరి ఊరగాయ సీసాలో వేసుకోవడం. ఏరడం ఆమెకు కొత్తేం కాదు. ఆదోని పత్తి మిల్లులో ఇరవై ఏళ్లుగా దూదిలోంచి కాయపెంకులు ఏరే కూలి ఆమె.

కంటి నరంలో పోగు చచ్చిపోతే దిండు మీద రాలుతుంది. ఇది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే. కంటి డాక్టరు పావని కూడా వింతపడలేదు. చూపు తగ్గిందని మొదటిసారి వచ్చినప్పుడు ఉచ్చీరమ్మ తెచ్చిన పోగును కాగితానికి అంటించి, పక్కన తారీఖు వేసింది.

"ఇది నీటికాసులమ్మా. కంట్లో నీళ్లు ఊరుతుంటాయి, బయటికి పోతుంటాయి. పోయే మోరీ పూడుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కంటి వెనక పన్నెండు లక్షల పోగులు ఒకే తాడుగా మెదడుకు పోతాయి. ఆ తాడు మొదట్లోనే ఒత్తిడి నొక్కుతుంది. నొక్కిన కొద్దీ పోగులూ, వాటి కణాలూ చచ్చిపోతాయి. ముందు పక్కచూపు పోతుంది. నడిమిచూపు చివరిదాకా ఉంటుంది. నొప్పి ఉండదు, సూదిలో దారం కూడా ఎక్కుతుంది, అందుకే పోయిందని ఎవరికీ తెలియదు. పోయింది తిరిగి రాదు. మందు వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఇవి ఎప్పటి నుంచి రాలుతున్నాయి?"

ఆ మాటకు ఉచ్చీరమ్మ నెత్తి కొట్టుకుంది. పత్తి మిల్లు మనిషి దిండు మీద తెల్లపోగు కనిపిస్తే ఏమనుకుంటుంది? ఆమె జుట్టులో దూది, చీరలో దూది, తినే సంగట్లో కూడా దూదే. "రెండేండ్లు నా సూపు నేనే పొరకతో ఊడ్సి దిబ్బలో పోసినా గదమ్మా!" అంది. అప్పటికే ఆమెకు ఎడమపక్క పోయింది. అక్కడ చీకటి కూడా లేదు, ఏమీ లేదు.

ఆ రోజు నుంచి ఒక్క పోగు పారేస్తే ఒట్టు. ఆ పోగులకు ఒక గుణం ఉంది. చచ్చినా వాటికి చూడాలన్న బుద్ధి చావలేదు. ఏ పక్క చూపు పోయిందో ఆ పక్క నుంచి ఎవరొచ్చినా సీసాలో అన్నీ అటు తిరిగేవి. ఉచ్చీరమ్మ సీసాను మిల్లుకు తీసుకుపోయి, దూది కుప్ప ముందు పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు పోగులు ఎడమకు తిరిగాయి. వచ్చినవాడు మేస్త్రి తిమ్మన్న.

"కండ్లు లేనిదానివి నీకెందుకు పని? రేపట్నుంచి ఇంటికాడుండు."

"దొంగ మాదిరి పక్కనుంచి రావాకు తిమ్మన్నా, ముందరికొచ్చి మాట్లాడు. నా కుప్పలో ఒక్క పెంకు సూపియ్యి, ఇప్పుడే లేసి పోతా."

తిమ్మన్న మోచేతుల దాకా కుప్పలో చేతులు పెట్టి గెలికాడు. ఒక్కటీ దొరకలేదు. మీసాలకు దూది అంటించుకుని వెళ్లిపోయాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

ఆమె తమ్ముడు ఉరుకుందుది ఆస్పరి. పల్లెల నుంచి బొలేరోలో ఆదోనికి పత్తి తోలేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో జొన్నరొట్టె తిని ఒక కునుకు తీసి లేచాడు. అతను మొహం కడుక్కుంటుంటే ఉచ్చీరమ్మ దిండు దులపబోయి ఆగింది. మూడు పోగులున్నాయి. పత్తి మూటల మీద పొర్లేవాడి దిండుకు పోగులంటవా అనుకుంది. కానీ ఒకసారి మోసపోయిన మనిషి. వాటిని అరచేతిలో పెట్టుకుని తమ్ముడి చుట్టూ నడిచింది. అతని ఎడమపక్కకు రాగానే మూడూ తల ఎత్తి ఆమె మొహంకేసి తిరిగాయి. ఉచ్చీరమ్మ ఆ అరచేతిని తమ్ముడి మొహం ముందు పెట్టింది.

"రేయ్ ఉరుకుందూ, ఇది పత్తి కాదురా. నీ కన్ను."

"నేను పత్తి తోలేటోణ్ణి అక్కా. నాకు పత్తి రాలక బంగారం రాలుతాదా? ఆ కరెంటు స్తంభం మీద నంబరు సదవమంటావా?" అని గడగడా చదివేశాడు కూడా.

ఉచ్చీరమ్మ కదలకుండా అతని ఎడమ భుజం పక్కన నిలబడి గరిటె ఎత్తింది. "ముందరికే సూడు. నా సేతిలో ఏముంది?"

"నీవు యాడుండావు?" అన్నాడు. అన్నాక అతనికే నవ్వు రాలేదు. "డాక్టరు ఏదో రాసిస్తే బండి ఎట్ల తోలల్ల? పిల్లోల్లకు ఏం పెట్టల్ల? వదిలెయ్ అక్కా. ఎమ్మిగనూరుకు లోడుంది, పోతాండాను."

"దీపముండంగానే ఇల్లు సక్కబెట్టుకోమన్నారు. ఇన్లేదా? సరే, నేనూ వస్తా."

బండి అద్దానికి నల్లదారంతో కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. ఉచ్చీరమ్మ ఆ నల్లదారానికే అతని మూడు పోగులూ కట్టి, పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంది. ఉరుకుందు విసుక్కున్నాడు గానీ దిగమనే ధైర్యం చేయలేదు. అక్క నోటికి ఎవరు ఎదురుపోతారు?

సగం దూరం పోయారు. ఎడమపక్క చూపు అక్కకూ లేదు, తమ్ముడికీ లేదు. కొర్ర చేల దగ్గర పోగులు మూడూ ఒక్కసారిగా ఆమెను దాటి, ఎడమ కిటికీ బయటికి తిరిగి నిలబడ్డాయి.

"బ్రేకు ఎయ్ రా!"

ఎందుకో తెలియకుండానే ఉరుకుందు బ్రేకు తొక్కాడు. నెత్తిన గడ్డిమోపుతో ఒకామె ఎడమ నుంచి నడిచివచ్చి, బండికి జానెడు దూరంలో ఆగింది. మోపు కింది నుంచి మొహం ఎత్తి, "కండ్లు కనపడ్లేదేమప్పా నీకి!" అని తిట్టి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఉరుకుందు ఇంజను ఆపాడు. "అక్కా, నిజంగానే కనపడ్లేదు" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఉచ్చీరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. తాళం పీకి రొంటిన దోపుకుంది. "దిగు. బస్సొస్తాది" అంది.

పావని అతనికి పరీక్షలన్నీ చేసి, తొందరగానే వచ్చారంది. ఎడమ అంచే పోయింది, మిగతాదంతా ఉంది. మందు మానొద్దు, తను చెప్పేదాకా స్టీరింగు ముట్టొద్దు అంది. ఇంట్లో ఒకరికి వస్తే తోబుట్టువులందరూ చూపించుకోవాలనీ అంది. బండి ఊరికే పడి ఉండలేదు. ఉరుకుందు పెండ్లాం యశోద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. మార్కెట్లో మగవాళ్లు నవ్వితే, "ఎద్దులబండి తోలినదాన్ని, ఇదేం లెక్కప్పా" అని ముందుకే పోనిచ్చింది. ఉరుకుందు పక్కన కూర్చుని మూటలు దించేవాడు.

మూడు నెలలకు ఒక పొద్దున ఫోను మోగింది.

"అక్కా, ఈ పొద్దు దిండు మీద ఏమీ లేదు."

"బాగ సూసినావా?"

"రెండుసార్లు సూసినా."

"ఎడమపక్క?"

"తలకాయ తిప్పి మరీ సూసినా. లేదక్కా."

ఉచ్చీరమ్మ ఫోను పెట్టేసి, తన దిండు వైపు తిరిగింది. దాని మీద ఒకటి రాలి ఉంది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత రెండు వేళ్లతో పట్టి సీసాలో వేసి మూత బిగించింది.

"సచ్చినా నిన్ను ఊరికే కూసోనీను. పా, పనికి" అంది.