అద్దం తీసిన చోట

ఉదయం ఎనిమిదిన్నరకు మానిటర్ మూడోసారి ఆరిపోయింది.

మేస్త్రీ ట్రాక్టర్ క్యాబిన్‌లో సీటు పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. పళ్ళ మధ్య రెండు స్క్రూలు, చంకలో టార్చి. తెర మీద అంకెలు వచ్చాయి, వణికాయి, పోయాయి. నోట్లో స్క్రూలు ఉండబట్టి తిట్టు బయటికి రాలేదు.

ట్రాక్టర్ వెనక బేలర్ తగిలించి ఉంది. కోసిన గడ్డిని లోపలికి లాగి, నొక్కి, తాడుతో ముడేసి, కట్టలుగా దించే యంత్రం అది. కట్ట నిండిందా, ముడి పడిందా అన్నది ఇన్నేళ్ళూ డ్రైవరు చెవితోనే తెలుసుకున్నాడు. ముడి పడితే టక్కుమంటుంది. ఇంజను హోరులో ఆ టక్కు పట్టుకోగలిగినవాడు ఆ షెడ్డులో అతనొక్కడే. అతను మేస్త్రీకి అక్క మొగుడు. అక్క పెళ్ళయిన ఏడాదే బామ్మర్దిని వెంటపెట్టుకొచ్చి, "వీడికి కరెంటంటే భయం లేదు" అని ఒక్క మాట చెప్పి, ఈ షెడ్డులో పనికి పెట్టించాడు.

పోయిన సీజన్‌లో ఆ చెవి మొరాయించింది. ముడి పడని కట్టలు చేనంతా విచ్చుకుని పడ్డాయి. డ్రైవర్ని మార్చేస్తానంది యజమానురాలు. మేస్త్రీ ఆమె ఇంటి మెట్ల మీద నిలబడి బతిమాలాడు. "మానిటర్ పెట్టిద్దాం మేడం. అదుంటే చెవులతో పని లేదు, కళ్ళుంటే చాలు." ఆమె ఒప్పుకుంది. మానిటర్ వచ్చింది. షెడ్డు వెనక చేలో గడ్డి కోసి పడుంది. సాయంత్రానికి వాన ఉందన్నారు.

"ఏరా బామ్మర్దీ, దీపం పెట్టావా?" కింద నుంచి బావ అడిగాడు.

మేస్త్రీ స్క్రూలు చేతిలోకి ఊసి, అతని వైపు తిరిగాడు. బావతో మాట్లాడాలంటే మొహం చూపించాలి. పెదాలు చూసి తెలుసుకుంటాడు.

"పెట్టా. ఆరిపోతోంది."

"కొత్త పెళ్ళికూతురు కదా. నువ్వలా మీద పడి చూస్తుంటే సిగ్గేస్తుంది."

"నువ్వు కాసేపు అవతలికి పో బావా."

యజమానురాలు షరతు ఒకటే పెట్టింది. క్యాబిన్‌కి కొత్త కన్నం పడకూడదు. "రేడియోకని నువ్వు కొట్టిన కన్నంలోంచి వాన నా ఒళ్ళో పడింది. ఉన్నదాంతో సర్దుకో" అంది. రేడియో కన్నం మూసేశాక మిగిలింది ఒక్కటే. కుడి చేతి స్తంభానికి, వెనక కట్టలు చూసుకోడానికి బావ పెట్టించుకున్న అద్దం దగ్గర. మేస్త్రీ అద్దం ఊడదీసి షెడ్డు కిటికీ గూట్లో పెట్టాడు. అదే బోల్టుకి మానిటర్ స్టాండు బిగించాడు. ఎర్ర తీగ బ్యాటరీ నుంచి తెచ్చాడు. ఎర్తు కోసం నల్ల తీగని ఆ బోల్టు కిందే నొక్కాడు. బండి ఒళ్ళంతా ఇనుమే, ఎక్కడ నొక్కినా ఎర్తే.

ఫ్యూజు మార్చాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. బేలర్ కిందికి దూరి, తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు. గడ్డి నలుసు కంట్లో పడింది. బ్యాటరీకి మీటరు పెడితే కరెంటు నిక్షేపంగా ఉంది. తలుపు గట్టిగా వేస్తే తెర వెలిగింది. ఇంజను వేస్తే ఆరిపోయింది. స్తంభాన్ని పిడికిలితో గుద్దితే మళ్ళీ వెలిగింది. మరోసారి గుద్దితే చెయ్యి నొప్పెట్టింది, తెర వెలగలేదు.

యజమానురాలి తమ్ముడు వచ్చి క్యాబిన్‌లోకి తొంగిచూశాడు. "అయిందా?"

"అయితే ఇక్కడెందుకుంటాను సార్."

పదకొండు దాటాక మేస్త్రీ ఒక తీగ ముక్క తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఆ బోల్టుకి తాకించాడు. తెర వెలిగింది. ఇంజను వేసినా నిలబడింది. లోపం బోల్టు దగ్గరే ఉంది. విప్పాడు. కన్నంలో రబ్బరు ఉంగరం. అటొకటి, ఇటొకటి రబ్బరు వాషర్లు. అద్దం వణికి కట్ట రెండుగా కనబడుతోందని అప్పట్లో బావ గోల పెడితే, సైకిల్ ట్యూబు కోసి ఆ రబ్బరు తొడిగింది తనే. బోల్టు ఇనుముకి తగలకుండా కట్టుదిట్టం చేసి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు పొద్దుట్నుంచీ వెతికాడు.

బావ ఆ ఉంగరాన్ని వేలికి తొడుక్కుని చూశాడు. "ఎవడ్రా ఇది పెట్టింది?"

"ఎవడో పనిమంతుడు."

"దొరికితే చెప్పు, సన్మానం చేద్దాం."

మేస్త్రీ రబ్బరు పీకేశాడు. కన్నం చుట్టూ రంగు గీకి, నల్ల తీగ నొక్కి, బోల్టు బిగించాడు. ఉంగరాన్ని గూట్లో అద్దం పక్కన పడేశాడు.

బావ బండిని చేలోకి దింపాడు. ఒక సాలు వేశాడు. తెర మీద గీత పెరిగి, నిండి, ఆకుపచ్చ గుర్తు పడింది. వెనక కట్ట దిగింది, ముడితో. దిగిన ప్రతి కట్టకీ ముడి ఉంది. గట్టు మీద మేస్త్రీ కన్ను నలుపుకుంటూ చూస్తున్నాడు.

యజమానురాలు బండి ఆపించింది. బావని దిగమని, తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టింది. తనూ మెట్టెక్కి తెర మీద వేలు పెట్టింది.

"ఇదేంటి?"

"కట్ట నిండింది."

"ఇది?"

"ముడి పడింది. ఇంతేనా అక్కా?"

ఆమె దిగింది. "నువ్వన్నట్టే ఉంది మేస్త్రీ. కళ్ళుంటే చాలు."

"నేనన్నది బావ కోసం మేడం."

"తెలుసు. కానీ ఇంట్లో మనిషి ఉండగా బయటి మనిషి ఎందుకు చెప్పు? పోనియ్యిరా తమ్ముడూ, వాన వచ్చేస్తుంది."

బండి కదిలింది. మేస్త్రీ బావకి చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. వాటి అవసరం రాలేదు. బావ ఆమె పెదాల్నే చూస్తూ ఉన్నాడు.

"బాగా బిగించావురా," అన్నాడు బావ. "ఇంక ఊడదు."

షెడ్డులోకి వెళ్ళి తన అన్నం క్యారేజీ, తువ్వాలు తీసుకున్నాడు. సైకిల్ స్టాండు తీశాడు.

"బావా," అని పిలిచాడు మేస్త్రీ. "బావా, ఆగు."

బావ అప్పటికే వీపు తిప్పాడు. సైకిల్ గేటు దాటింది.

నాలుగున్నరకు వాన మొదలైంది. అప్పటికి చేలో గడ్డంతా కట్టలైంది. ముడి పడని కట్ట ఒక్కటీ లేదు. కిటికీ గూట్లో అద్దం వెల్లకిలా ఉంది, పక్కన రబ్బరు ఉంగరం.