నలభై ఒకటో నంబరు బండ

మునెయ్యకు యాభై మూడేళ్లు, నూట పది గొర్రెలు, ఒకే ఒక్క భయం. వేంపల్లె అవతల అతని గొర్రెలు మేసే గుట్టకు అటు పై ఊరు, ఇటు కింది ఊరు. రెండు ఊళ్లకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒక్కో ఊరికి ఒక్కో పార్టీ. గొర్రెలకేమో గుట్టకు రెండు వైపులా మేపు కావాలి. అందుకే "నువ్వు ఎవురి మనిషివి?" అని ఎవరడిగినా మునెయ్య దగ్గు తెచ్చుకుని తప్పించుకునేవాడు. ముప్పై ఏళ్ల దగ్గు అది, కడప పెద్దాసుపత్రిలో కూడా దానికి మందు లేదు.

ఆ ఏడు ఎన్నికలు ఇంకా మూడు నెలలున్నాయనగా హెలికాప్టరు వచ్చింది. గుట్ట మీద పొలానికి సాళ్లు తోలినట్టు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోతూ వస్తూ తిరిగింది. చెదిరిపోయిన గొర్రెల్ని పోగు చేసుకునేసరికి మునెయ్యకు రెండు రోజులు పట్టింది. నెల తర్వాత ప్రభాకరరావు అనే కోస్తా సారు జీపులోంచి దిగాడు.

"పైనుంచి మా యంత్రాలకు ఇక్కడ యురేనియం జాడ తగిలిందండీ. ఇక నేల మీద చూడాలి. గుట్ట తెలిసిన మనిషి కావాలి, మీరు వస్తారా?"

పుట్టి బుద్ధెరిగాక తనను "అండీ" అన్న మొదటి మనిషి అతనే. మునెయ్య అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

పని తేలికే. సారు కౌంటరనే పెట్టెను బండకు ఆనిస్తాడు, యురేనియం ఉంటే అది గోల పెడుతుంది. తర్వాత సుత్తితో బండ కొట్టి, ముక్కను గుడ్డసంచిలో వేసి నంబరు రాస్తాడు. మళ్లీ వస్తే ఆనవాలు దొరకాలి కాబట్టి అదే నంబరు బండ మీద ఎర్రరంగుతో వేయాలి. మునెయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ తన ప్రతి గొర్రె వీపు మీదా గుర్తుగా రెండు గీతలు, ఒక చుక్క వేసుకునే చెయ్యి అది. సారు చీటీ మీద రాసిచ్చిన అంకెను అచ్చు దించేసేవాడు. వారం తిరిగేసరికి అరవై బండలు ముస్తాబయ్యాయి.

అక్కడే కొంప మునిగింది. ఎన్నికలొస్తున్నాయంటే ఆ వైపు ముందుగా గోడలు రిజర్వు చేసుకుంటారు. ఖాళీ గోడ మీద పార్టీ పేరు ఒకసారి గీకితే చాలు, రెండోవాడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తలకాయలు పగులుతాయి. గోడలైపోయి ఇప్పుడు అవతలివాళ్లు బండల మీద పడ్డారని రెండు ఊళ్లూ అనుకున్నాయి. పై ఊరివాళ్లు సున్నం బక్కెట్లతో వచ్చి అంకెలన్నీ పూసేశారు. సాయంత్రానికి కింది ఊరివాళ్లు ఆ సున్నం మీద తమ గుర్తు గీసి పోయారు.

మరునాడు పై ఊరి పెద్దన్న గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"ఏం మునెయ్య మామా, ఎవురికి బండలు బుక్ చేస్తాండావు?"

"గవర్మెంటుకప్పా."

"గవర్మెంటంటే ఏ పార్టీ?"

మునెయ్య దగ్గాడు.

"దగ్గితే కాదు. ఆదివారం లోపల చెప్పు. లేకుంటే నీ గొర్రెలు గుట్టెక్కవు."

గంట తర్వాత కింది ఊరి అబ్దుల్ సత్తార్ వచ్చి అదే మాట, అదే ఆదివారం చెప్పిపోయాడు. ఇన్నేళ్లలో రెండు ఊళ్లూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

శనివారం సారు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. "కౌంటరు గోల పెట్టిన నలభై ఒకటో నంబరు బండ గుర్తుందాండీ? దాంట్లోంచి ఇంకొన్ని ముక్కలు కావాలని హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. ఇక్కడ చూస్తే అన్నీ తెల్లబండలే!"

మునెయ్యకు బుర్రలో దీపం వెలిగింది. "రేపు చూపిస్తా సారూ. నీ పెట్టె మటుకు మరిచిపోవాకు."

ఆదివారం పెద్దన్ననూ, సత్తార్‌నూ గుట్టకు రమ్మన్నాడు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. మునెయ్య నేరుగా ఒక బండ దగ్గరికి నడిచాడు. అంకెలు ఎవరిక్కావాలి? అది అతని కుంటిగొర్రె కవలల్ని ఈనిన బండ. సారు కౌంటరు ఆనించగానే అది టకటకమని ఆగకుండా మోగింది. పక్క బండకు పెడితే ఎప్పుడో ఒక టిక్కు.

"చూడండప్పా! ఈ పెట్టెకు నీ సున్నమూ కనపడదు, నీ గుర్తూ కనపడదు. ఇది రాళ్ల పని, ఓట్ల పని కాదు."

సత్తార్ తానే పెట్టె పట్టుకుని నాలుగు బండలకు ఆనించి చూశాడు. పెద్దన్న నవ్వేశాడు. "సర్లే మామా, నీ గొర్రెల్ని మేపుకో పో."

మునెయ్య గుండెల మీది బరువు దిగిపోయింది. హుషారుగా సున్నం గీకి, మళ్లీ నలభై ఒకటి వేస్తూ అడిగాడు. "ఇది శానా దొరికితే ఏం చేస్తారు సారూ?"

"గని తవ్వుతారండీ. చుట్టూ కంచె వేస్తారు."

"మరి గొర్రెలు యాడ మేయాల?"

సారు సంచి మూతి కట్టుకుంటూ తలొంచుకున్నాడు.

మునెయ్యకు కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లు రెండు ఊళ్ల మధ్య నలుగుతూ కాపాడుకున్న మేపును తానే వేలు పెట్టి చూపించాడు. తన మీద తనకే మండిపోయింది. కుంచెను డబ్బాలో ముంచి, నలభై ఒకటి కింద పెద్దగా రెండు గీతలు గీసి ఒక చుక్క పెట్టాడు.

దిగిపోతున్న పెద్దన్న ఆగాడు. సత్తార్ కూడా వెనక్కి తిరిగాడు.

"అదేంది మామా? ఎవురిదా గుర్తు?"

మునెయ్యకు దగ్గు రాలేదు.

"నాది," అన్నాడు.