చుక్కికి ఐదు సీసాలు

గంగమ్మ జాతరకు ఊర్లో చాటింపు వేసే రోజునే చుక్కిని పుత్తూరు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. అడవిపంది కోర తగిలి దాని తొడ చీలి అప్పటికి ఐదు రోజులు. పసుపు అద్ది, కుక్క గాయం కుక్కే నాకి మాన్పుకుంటుందిలే అనుకున్నాను. చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది. సంగటి ముద్ద వాసన కూడా చూడటం లేదు.

డాక్టరమ్మ రేవతి గాయం కడిగి, ఒక సూది వేసింది.

"చీము విషం రక్తంలోకి ఎక్కినాది అవ్వా. మాత్రలకు లొంగదు. ఇంకా ఐదు దినాలు సూదిమందు పడాల. రేపు పొద్దున్నే తీసుకురా."

"రేపు రాలేనమ్మా. ఈ సాయంత్రం చాటింపు. జాతర అయిందాకా మా ఊరోళ్లు పొలిమేర దాటకూడదు."

"కుక్క పానం పోతా ఉంటే కూడానా?"

"మనుషుల పానం పోతా ఉన్నా దాటరు."

ఆమె నాకు చదువు వచ్చునా అని అడిగింది. బడికి పోలేదు, అంగడి పొట్లాల కాగితాలు కూడబలుక్కొని నేర్చుకున్నాను అన్నాను. అప్పుడు పెద్ద పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి ఇచ్చింది. పొడి ఉన్న చిన్న సీసాలు ఐదు, కలిపే నీళ్లు, సూదులు ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. సూది గొట్టం మీద ఎంతవరకు ఎక్కించాలో ఎర్ర గీత పెట్టింది. మెడ మీది వదులు చర్మం ఎత్తిపట్టి ఎలా గుచ్చాలో తువ్వాలు మడతలో మూడుసార్లు నాచేత గుచ్చించింది.

"రెండు మూడు సూదులకే నయమైనట్టు కనిపిస్తాది. అప్పుడు ఆపొద్దు. ఆపితే తిరగబెడతాది. అప్పుడు ఈ మందుకు కూడా లొంగకపోవచ్చు."

చుక్కి నిజానికి నాది కాదు. నా పక్క గదిలో అద్దెకు ఉండి శ్రీసిటీ ఫ్యాక్టరీకి పనికి పోయే కోమలి తెచ్చుకున్న కుక్కపిల్ల అది. పెళ్లయి పోతూ, "ఇల్లు సూసుకొని వచ్చి తీసుకుపోతా అవ్వా" అంది. రెండేళ్లయింది. పోయేవాళ్లు చెప్పే మాటలు నాకు కొత్త కాదు. మా ఆయన ఆసుపత్రిలో "కాఫీ తీసుకురా, తాగుదాం" అని నన్ను కిందికి పంపి, నేను మెట్లెక్కి వచ్చేలోపల పోయినాడు. అప్పటినుంచి ఎవరు గడప దాటుతున్నా ఇక తిరిగి రారనే అనుకుంటాను.

మొదటి పొద్దున సీసాలోకి ఎక్కించే నీళ్లు సగం బయటే పడ్డాయి. మళ్లీ కొలుచుకున్నాను. పక్కింటి దేవకమ్మ చుక్కి తల పట్టుకుంది.

"ఏమ్మే కాంతమ్మా, దానికి గుచ్చతావా, నాకు గుచ్చతావా?"

"గమ్మునుండు దేవకా, గీత కనపడడం లేదు."

గుచ్చాను. చుక్కి అరవలేదు. తల తిప్పి నా ముఖం వైపు చూసింది, అంతే. అరిచి ఉంటే బాగుండేది.

రెండో సూదికి చీము తగ్గింది. మూడో పొద్దున సంగటి తిన్నది. నేను మందు సంచి తీయగానే మంచం కిందికి దూరి గోడకు అతుక్కుని, నన్ను చూసి ఉచ్చ పోసుకుంది. ఈ ఇంట్లో నన్ను చూసి తోక ఊపే ప్రాణం అదొక్కటే.

సంచి మళ్లీ అటక మీద పెట్టేశాను. మధ్యలో ఆపొద్దని చీటీలో ఉందని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. ఆ పగలంతా చుక్కి నా పాదాల మీద తల పెట్టి పడుకుంది. కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

మరుసటి పొద్దున దాని చెవులు నిప్పుల్లా ఉన్నాయి. తొడ మళ్లీ ఉబ్బింది. దేవకమ్మ ఫోనులో డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నొప్పి సూడలేక ఆపినావా?" అంది. కాదమ్మా, అది నన్ను చూసి భయపడుతోంది అన్నాను. డాక్టరమ్మ సీసాలు ఎన్ని మిగిలాయో అడిగింది. "ఉండే మూడు సీసాలు వరసగా వెయ్యి అవ్వా. జాతర అయినాక తీసుకురా. సాలకపోతే ఇంకా వేస్తాను. బతకాలంటే భయపడనీ."

మూడు పొద్దులూ దాని మూతికి గుడ్డ కట్టి, దేవకమ్మ ఒడిలో అదిమి పట్టించి వేశాను. బయట జాతర పలకల దరువు మోగుతూనే ఉంది.

"నిన్ను సూస్తే యముడు వచ్చినట్టు వణకతా ఉండాది మే," అంది దేవకమ్మ.

"నీ ఒళ్లో ఉందిగా. గట్టిగా పట్టుకో."

చివరి సూది తీయగానే చుక్కి లేచి, నా పక్కనుంచి కాకుండా గోడవారగా చుట్టు తిరిగి, దేవకమ్మ వెనకే వాళ్లింటికి పోయింది.

జాతర అయినాక దేవకమ్మే దాన్ని ఆటోలో పట్టుకుని కూర్చుంది. గాయం లోపలినుంచి పూడుతోందనీ, ఇక సూదులు అక్కర్లేదనీ డాక్టరమ్మ చెప్పింది. "మరిచిపోతాది లే అవ్వా" అని కూడా అంది.

పది రోజులైంది. చుక్కి దేవకమ్మ గడప దగ్గరే పడుకుంటోంది. ఈ సాయంత్రం నేను చెంబు పట్టుకుని వాకిట్లోకి వస్తే తల ఎత్తి చూసింది. లేచి, వీధి చివరిదాకా నడిచి వెళ్లింది. కాలు ఈడ్చడం లేదు. మలుపు తిరిగేదాకా చూశాను. పిలవలేదు.