మూడు పోగుల ముడి

ఒప్పందాలు రాసేది పెద్దలు, కుట్టేది నేను. ప్రభుత్వ ముద్రణాలయంలో ఇరవై రెండేళ్ళుగా బైండింగు పని నాది. మా దేశంతో కలిపి యుద్ధం గెలిచిన మూడు దేశాలూ ఓడిన దేశంతో చేసుకున్న శాంతి ఒప్పందం కూడా నా బల్ల మీదికే వచ్చింది. పద్ధతి ఏమిటంటే, గెలిచిన ఒక్కో దేశం ఒక్కో దారం పంపుతుంది. మూడూ కలిపి పేని, దాంతో పేజీలు కుట్టాలి. ముడి మీద లక్క పోసి ముద్ర వేశాక, కత్తిరించాలంటే మూడు దేశాల ప్రతినిధులూ ఎదురుగా ఉండి తీరాలి.

పంతొమ్మిదో పేజీ కుట్టేటప్పుడు సూది పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. ముప్పై రోజుల్లో ఇరువైపులా ఖైదీలను వదిలెయ్యాలని అందులో ఉంది. మా చిన్నాడు పద్నాలుగు నెలలుగా అటువైపు శిబిరంలో ఉన్నాడు.

లక్క ముద్ర కూడా పడ్డాక, సంతకాలకు గంట ముందు ప్రధాని కార్యదర్శి కొత్త కాగితంతో ఊడిపడ్డాడు.

"పంతొమ్మిదో పేజీ తీసేసి ఇది పెట్టమ్మా. గప్‌చుప్‌గా కానియ్."

చదివాను. కూలిన వంతెనలు కట్టడం పూర్తయ్యేదాకా వాళ్ళ ఖైదీలు మన దగ్గరే ఉంటారట! మనం వదలకపోతే వాళ్ళు మనవాళ్ళని వదులుతారా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మిగతా ఇద్దరినీ పిలుచుకురండి, కత్తిరిస్తాను."

"గెలిచింది మనం. ఎవరడుగుతారు?"

"గెలిచింది ముగ్గురు బాబూ. మనమొక్కళ్ళమే కాదు."

విసవిసా వెళ్ళి ఏకంగా ప్రధానినే వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీ అబ్బాయి అక్కడున్నాడటగా? ఒక్క ఫోను చేస్తే చాలు, సాయంత్రానికి కారులో మీ గుమ్మం ముందు దిగుతాడు. ఆ దారం కత్తిరించండమ్మా."

అబద్ధమెందుకు, చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది. సిగ్గు లేకుండా ఆశపడ్డాను. అంతలో కుట్టుమిషను వదిన గుర్తొచ్చింది. ప్రతి సోమవారం ఖైదీల ఉత్తరాలిచ్చే కిటికీ దగ్గర, నేను ఆలస్యమైతే లైనులో నా చోటు కాపాడేది ఆవిడే. ఆవిడ కొడుకులిద్దరూ అదే శిబిరంలో ఉన్నారు.

"నావాణ్ణి ఇంట్లో పెట్టుకుని మిగతా తల్లులకు ఏ మొహం చూపించమంటారు? కత్తిరించను. కావాలంటే మీరే కానివ్వండి. బయటికెళ్ళి ఆ ఇద్దరికీ చెప్పేది మాత్రం నేను."

బయట బ్యాండు మొదలైంది. ఆయన గడియారం చూసుకుని, నన్నొక చూపు చూసి, పుస్తకం తీసుకుని లేచాడు. ఆ పంతొమ్మిదో పేజీతోనే సంతకం పెట్టాడు. ఫొటోల్లో ఆ నవ్వు చూడాలి, శాంతి అంతా తన చలవే అన్నట్టు!

సంతకాలైన ఇరవై మూడో రోజున ఖైదీలతో మొదటి రైలు వచ్చింది. వదిన కొడుకులిద్దరూ దిగారు. పెద్దవాడు నా దగ్గరికొచ్చి తలెత్తలేకపోయాడు.

"సంతకాలైన పదకొండో రోజున అత్తా... జ్వరం. మందుల్లేవు."

ఆ సాయంత్రమే కారెక్కి ఉంటే నా బిడ్డ బతికేవాడు. నాకు తెలుసు. అయినా మళ్ళీ అడిగినా కత్తిరించను.

కారు సంగతి వదినకు చెప్పలేదు. చెప్పను కూడా. కొడుకుల అల్లరి చూసి పకపకా నవ్వుతూ, నన్ను చూడగానే టక్కున ఆపేస్తుంది.

"నవ్వు వదినా," అంటాను. "వాళ్ళు రావాలనుకుంది ఇందుకే కదా!"