తోకచుక్క దిగిపోయేలోపు

సూర్యుడు అలా దిగాడో లేదో, బ్రేకులమ్మ ఇలా డాబా ఎక్కేసింది. తోకచుక్క కనిపించే ఆఖరి సాయంత్రం ఇదే. ఎదుటి భవనం మీది నీళ్ళట్యాంకు వెనక్కి అది జారిపోయిందంటే, ఈ జన్మకి మళ్ళీ దర్శనం లేదు.

ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని ఊరందరి చేతికీ స్టీరింగ్ ఇచ్చిందిగానీ, తన టెలిస్కోపును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఫోకస్ తిప్పే మరకు ఏళ్ళ కిందటే టేపు చుట్టేసింది. పిల్లలు అందులోంచే చూసి కేరింతలు కొట్టేవాళ్ళు. ఆవిడ ఈడుదే అయిన వియ్యపురాలు మాత్రం ప్రతిసారీ "మబ్బు తప్ప ఏం లేదు" అనేది.

"చూడ్డం కూడా నేర్పాలా వదినగారూ?" అని బ్రేకులమ్మ నవ్వేది.

బ్రేకులమ్మ కుడికంటి శుక్లం తీయించుకుని నెల తిరిగింది; వంగొద్దన్న గడువు నిన్నటితో తీరింది. "మా డాక్టరు బంగారం, నాదీ పూచీ" అంటూ వెంటబడి ఆపరేషన్ చేయించింది ఆ వియ్యపురాలే. ఇప్పుడూ వెనకాలే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

బ్రేకులమ్మ కొత్త కన్ను ఆనించింది. మసక. పక్కనున్న చుక్క వైపు తిప్పింది. అదీ చెదిరిన పిండిముద్దలా ఉంది. ఎడమకంటికి ఎలాగూ పొరే.

"కన్ను పోయింది వదినగారూ! మీ బంగారం నా కొంప ముంచాడు!"

"పొద్దున వీధి చివర్నుంచి నా చీర మీద మరక పట్టేశారు. ఆ కన్ను సాయంత్రానికి పోయిందా?"

"మరి ఇదేంటి?"

"ఏముంది, ఈ గొట్టానికే ఏదో రోగం. జరగండి."

"ముట్టుకోవద్దు!"

తోకచుక్క ట్యాంకు అంచుకు దగ్గరవుతోంది. బ్రేకులమ్మ దాన్ని చూసింది, మరను చూసింది, పళ్ళు బిగించింది. "సరే, తిప్పండి."

వియ్యపురాలు టేపు పీకింది. మర తిరుగుతుంటే బ్రేకులమ్మ కుడికాలు దానంతటదే నేలను తొక్కిపట్టింది. వియ్యపురాలు గొట్టానికి కన్ను ఆనించి ఇంకాస్త తిప్పింది.

"అమ్మో... దీనికి తోకుంది!"

"జరగండి, దిగిపోతోంది!"

"ఇన్నేళ్ళూ మబ్బులు చూపించారు, ఒక్క నిమిషం ఓపిక పట్టలేరూ?"

బ్రేకులమ్మ ఆవిడ భుజం పట్టి పక్కకి నెట్టేసింది. చూసింది. సూదిమొనలా తల, లేత ఆకుపచ్చ. వెనక పొడుగ్గా, పలచగా తోక. గొట్టంలో ఇంత తేట రంగు చూసి ఎన్నాళ్ళయిందో! కళ్ళు చెమర్చితే మళ్ళీ మసకవుతుందని రెప్పలు గట్టిగా ఆర్పింది.

"నా పాత కంటికి బిగించుకున్నాను వదినగారూ. కన్ను మారింది, మర మారలేదు. పిల్లల కళ్ళు ఎలాగో సర్దుకునేవి, మీ కంటికి ఏనాడూ సరిపడి ఉండదు. అనవసరంగా ఆడిపోసుకున్నాను."

"ఇప్పుడు?"

"మీ కంటికీ నా కంటికీ ఒకేచోట కుదిరింది."

"మనిద్దరికీ కుదరడమా! కిందికెళ్ళి చెబితే ఎవరూ నమ్మరు. ఏదీ, నన్ను చూడనివ్వండి!"

తల ట్యాంకు వెనక్కి జారింది. మిగిలిన తోక కోసం ఇద్దరూ ఒక్కసారే వంగారు. తలలు ఠంగుమని కొట్టుకున్నాయి.