పదకొండో నంబరు నడక

నాకు కుదురు తక్కువ. చిన్నప్పుడు కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ తినేదాన్నని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. కానీ ఆ గురువారం పొద్దున ల్యాబులో కాలుగాలిన పిల్లిలా తిరిగానంటే అది నా స్వభావం వల్ల కాదు, గిన్నెలమ్మ అన్న మాట వల్ల.

గిన్నెలమ్మ అసలు పేరు అది కాదు. ఆమె క్యాన్సర్ విభాగంలో పరిశోధకురాలు. రోజంతా చిన్న చిన్న గాజు గిన్నెల్లో క్యాన్సర్ కణాలను పెంచుతూ, పసిపిల్లలకు పెట్టినట్టు వాటికి వేళకింత తిండి పెడుతూ ఉంటుంది. అందుకని మేం పెట్టుకున్న పేరది. ఆవేళ ఆమె మా ఇంజనీరింగ్ భవనం దాకా నడిచొచ్చి, నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, "మీ పట్టీ తప్పు చెబుతోంది," అంది.

నా పట్టీ తప్పు చెప్పడమా! మూడేళ్ళు తిండీ నిద్రా మానేసి చేసిన పట్టీ అది. ఒంటికాలి మీద లేచాను.

మా యూనివర్సిటీలో మూడు విభాగాలు కలిసి చేస్తున్న పని ఇది. క్యాన్సర్ చికిత్స ముగిసినవాళ్ళు రోజూ నడిస్తే వాళ్ళ రక్తంలో ఏమైనా మంచి మార్పు వస్తుందా అన్నది ప్రశ్న. నడిపించేది వ్యాయామ విభాగం కోచ్. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది కనక అతను ఈలయ్య. అడుగులు లెక్కపెట్టేది నేను, అంటే ఎడమ చీలమండకు కట్టుకునే నా పట్టీ. వారానికోసారి వాళ్ళ రక్తం తీసి, అందులో తేరిన ద్రవాన్ని కణాల మీద వేసి, అవి ఎంత తొందరగా పెరుగుతున్నాయో చూసేది గిన్నెలమ్మ. మొత్తం ఇరవై మంది. మా కాగితాల్లో వాళ్ళకు పేర్లుండవు, నంబర్లే. ఎవరిది ఏ నంబరో ఈలయ్యకూ, ఈ పనంతటికీ పెద్దదిక్కయిన పెద్ద మేడమ్‌కూ తప్ప తెలియకూడదు. తెలిస్తే మన ఇష్టాయిష్టాలు లెక్కల్లోకి దూరతాయి.

"పదకొండో నంబరు చూడు," అంది గిన్నెలమ్మ. "రోజుకు ఏడు వేల అడుగులు. అందరికన్నా ఎక్కువ. మరి ఈ రక్తం వేసిన గిన్నెలోనేమో కణాలు అందరికన్నా తొందరగా పెరుగుతున్నాయి. మిగతా పందొమ్మిది మందికీ నడక పెరిగితే కణాల జోరు తగ్గుతోంది, ఈ ఒక్కరిదే ఇంకో దారి. ఈ మనిషి అసలు నడుస్తున్నారా అని నా అనుమానం."

"మీరే కణాలకు తిండి ఎక్కువ పెట్టారేమో!"

"నా గిన్నెలు తప్పు చెప్పవు."

"నా పట్టీ అంతకన్నా చెప్పదు."

తాడోపేడో అక్కడికక్కడే తేల్చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మామూలుగా పట్టీ నుంచి రోజుకొక్క అంకె మాత్రమే అందరికీ వెళ్తుంది. అంకె వెనక అసలు గీతలుంటాయి, ప్రతి అడుగుకూ ఒకటి. మడమ నేలకు తగలగానే గీత పైకి లేస్తుంది, కాలు గాల్లోకి లేవగానే పడిపోతుంది. మధ్యమధ్య లేచి ల్యాబంతా తిరుగుతూ, పదకొండో నంబరు నిన్నటి గీతలు తెరిచేసరికి పన్నెండు దాటింది. పొద్దుటంతా ఏమీ లేదు. మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా, వంటింట్లోంచి మంచం దాకా వెళ్ళినట్టు అడపాదడపా నాలుగు చిన్న గీతలు, అంతే. మధ్యాహ్నం రెండు కాగానే మొదలైంది అసలు నడక. నిటారుగా ఒక గీత, దాని వెన్నంటే ఇంకోటి, ఆపైన కాస్త విరామం. టక్, టప్. టక్, టప్. నలభై రెండు అడుగులు, మలుపు. మళ్ళీ నలభై రెండు, మలుపు.

ఆ నడక నాకు కంఠతా వచ్చు. అది మా బావది.

బావ లిఫ్టు మెకానిక్. ఆరేళ్ళ కిందట పని చేస్తుండగా ఎడమ పాదం మీద ఇనుప దిమ్మ పడింది. అప్పట్నుంచి మడమ ఆనిన వెంటనే పాదం ముందు భాగం నేలను చరుస్తుంది. పట్టీ మొదటి నమూనా తయారైనప్పుడు, మనుషులకు కట్టి చూడాలంటే అనుమతి కాగితాలు రావాలి, నాలుగు నెలలు పడుతుంది అన్నారు. నాలుగు నెలలు ఆగే రకమా నేను? తీసుకెళ్ళి బావ కాలికి కట్టేశాను. వాళ్ళుండే నాలుగో అంతస్తులో పొడుగాటి వరండా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి బావ అడుగులతో నలభై రెండు. "జనాన్ని నడవకుండా చేయడం నా వృత్తి, నడిపించడం నీది. ఇద్దరం ఒకే ఇంట్లో ఎలా పడ్డాం, ఇంజనీరమ్మా?" అని నవ్వుతూ వారం రోజులు ఆ వరండాలో తిరిగాడు. అడుగంటే ఏమిటో నా పట్టీకి నేర్పింది ఆ కాలే.

అంటే పదకొండో నంబరు మా అక్క. చికిత్స అయ్యాక బతిమాలి, బామాలి, ఇందులో చేర్పించింది నేనే. అక్క నడవడం లేదు, అక్క బదులు బావ నడుస్తున్నాడు.

"ఏమైంది? పట్టీ తప్పేనా?" అంది గిన్నెలమ్మ.

"కాదు. సాయంత్రంలోగా చెబుతాను," అని బ్యాగు తీసుకుని పరిగెత్తాను.

బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాను. బావను నిలదీయాలని ఒకపక్క ఒళ్ళు మండిపోతోంది. ఇంకోపక్క గిన్నెలమ్మ కాగితం కళ్ళముందు ఆడుతోంది. గిన్నెలో పెరుగుతున్నవి అక్క కణాలు కావని, ఎప్పుడో ఎవరి నుంచో తీసి పెంచుతున్నవని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం ఊరుకుంటుందా? అక్కను చూసి మూడు వారాలైంది. ఫోన్లో అడిగితే "బానే ఉన్నా" అంటుంది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే దిగిపోయి మిగతా దూరం నడిచేశాను. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కాను.

రెండు దాటింది. వరండాలో బావ ప్యాంటు ఒక కాలు మడుచుకుని అటు చివర నుంచి వస్తున్నాడు. టక్, టప్. నన్ను చూడగానే ఎడమ కాలు కుడికాలి వెనక దాచుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి.

"బావా, కాలు చూపించు."

"ఏ కాలు?" అని నీళ్ళు నమిలాడు.

"అక్కది."

ఇక దాచలేక అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. తనే చెప్పడం మొదలుపెట్టాడు.

"రెండో వారమనుకుంటా. ఆ ఈలాయన అందరి ముందూ లెక్కలు చదివాడు. మీ అక్కవి రోజుకు తొమ్మిది వందలు. అందరికన్నా తక్కువ. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. రోజంతా మాట లేదు. మర్నాడు మందులేసుకుని నిద్రపోయాక, ఛార్జింగ్ పెడదామని పట్టీ విప్పాను. ఒక్క వెయ్యి కలిపితే ఏం పోయిందిలే అనిపించింది. ఆ వారం ఆయన మెచ్చుకున్నాడు. అక్క నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో నీకు తెలీదమ్మా."

"ఒక్క వెయ్యి ఏడు వేలెలా అయింది?"

"ఇంకా నవ్వుతుందేమోనని."

నా నోరు ఊరుకోలేదు. ఇరవై మంది రక్తం, మూడు విభాగాల శ్రమ మట్టిగొట్టుకుపోయాయని, ఇంత వయసొచ్చి ఇదేం పనని, వరండా దద్దరిల్లేలా అరిచాను. అరుస్తూ అరుస్తూ ఉండగానే వెనక తలుపు తెరుచుకుంది.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు పాలిపోయాయి. తలుపు దాకా వచ్చినందుకే ఆయాసపడుతోంది. ముందు నన్ను చూసింది, తర్వాత బావ కాలికున్న పట్టీని చూసింది. చాలాసేపు చూసింది.

"ఛార్జింగ్ ఇలా పెడుతున్నారా?" అంది బావతో.

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, కత్తెర మేకుకు వేలాడుతోంది. అక్క ఇరవై ఏళ్ళు కొట్టు పెట్టుకుని బట్టలు కత్తిరించింది. గుడ్డ మీద చెయ్యి వేసి, టేపు లేకుండా, అంగుళం తేడా రాకుండా కొలత చెప్పే మనిషి.

"నువ్వెంత నడుస్తున్నావో నీకు తెలీదా అక్కా?" అన్నాను. ఇంకా కోపం దిగలేదు నాకు.

"నాకు వంటింటి దాకా వెళ్తే కళ్ళు తిరుగుతున్నాయి," అంది అక్క నెమ్మదిగా. "వాళ్ళేమో ఏడు వేలు నడిచావంటారు. నాకోసం ఈల వేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు చేసిన మిషను కదా, అది అబద్ధం చెప్పదుగా. నా ఒళ్ళే అబద్ధం చెబుతోందనుకున్నా. బద్ధకం పట్టి నాటకాలాడుతోందనుకున్నా."

"మరి డాక్టరుగారికి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? ఏడు వేల అడుగులు నడిచేదాన్ని, నీరసంగా ఉందంటే నవ్వరూ?"

అంతదాకా బావ మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. పట్టీ తప్పు చెప్పలేదు, బావ నడకను బావ నడకగానే గీసింది. ఆ గీతల్ని తీసి పారేసి, అంకె ఒక్కటే చాలని, దాన్ని అక్క ముందు పెట్టించింది నేను. అక్క తన ఒంటి మాట కాదని నా మాట నమ్మింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బావ పట్టీ విప్పబోయాడు. కొక్కెం రాలేదు. నేను కింద కూర్చుని విప్పాను. "నవ్వించడానికే చేశాను," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసింది.

అక్కడ్నుంచే డాక్టరుకు ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు. తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే, రక్తం సగానికి సగం పడిపోయిందట. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే గుండె మీదికి వచ్చేదన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించాలన్నారు. రక్తం ఎందుకు తగ్గిందో స్కానింగ్ చేస్తే గానీ చెప్పలేమన్నారు. స్కానింగ్ వచ్చే గురువారం.

అక్కను బావకు అప్పజెప్పి, సాయంత్రం పెద్ద మేడమ్ గదికి వెళ్ళాను. గిన్నెలమ్మ కూడా అక్కడే ఉంది. పట్టీ వేరేవాళ్ళు కట్టుకున్నారని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ నడక ఫలానావాళ్ళదని నీకెలా తెలుసని అడిగితే? నిలబడే అంతా చెప్పేశాను, కాగితాలు రాకుండా ఇంట్లోవాళ్ళ కాలికి కట్టిన సంగతితో సహా.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పదకొండును తీసేస్తాం. నువ్విప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాసివ్వు. కమిటీ తేల్చేదాకా పట్టీ పని ఆపెయ్యాలి," అన్నారు. తర్వాత, "అందరి ముందూ లెక్కలు చదవడం కూడా మానిపిస్తాను. ఆ మాట ముందే తట్టాల్సింది నాకు," అన్నారు.

బయటికొచ్చాక గిన్నెలమ్మ నా భుజం పట్టుకుంది. తన గిన్నెలే నిజం చెప్పాయని దెప్పుతుందనుకున్నాను. "ఒక్క గిన్నెను చూసి అక్క గురించి ఏమీ అనుకోకు. నేనే అనుకోను," అంది. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా వెళ్ళగలిగాను.

ఆదివారం అక్క ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. పెదవులకు కాస్త రంగు వచ్చింది. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, "ఆ పట్టీ ఏదీ?" అంది.

"నిన్ను తీసేశారక్కా."

"నీ పరిశోధనకు కాదులే. నాకోసం. డాక్టరుగారు కాస్త నడవొచ్చన్నారు."

బ్యాగులో పాత నమూనా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. అక్క చీలమండకు కట్టాను. ఎంత సన్నబడిందో, చివరి కన్నం దాకా లాగాల్సి వచ్చింది. వరండాలోకి వచ్చాం. అక్క గోడ మీద చెయ్యి ఆనించి నడక మొదలుపెట్టింది. బావ రెండు చేతులతో కుర్చీ ఎత్తి పట్టుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు దించడానికి సిద్ధంగా వెనకే వెళ్ళాడు. నేను మెట్ల మీద కూర్చుని కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకున్నాను.

తెర మీద గీతలు రావడం మొదలైంది. పొట్టి పొట్టి గీతలు, దగ్గర దగ్గరగా. ఇంత నీరసంలోనూ తొందరే. కొట్టు తెరవడానికి టైమైపోతోందని నన్ను బడికి లాక్కెళ్ళిన తొందర. బావ నడక కంఠతా వచ్చిన నాకు అక్క నడక ఇదే మొదటిసారి చూడటం. నన్నెత్తుకుని తిరిగిన కాళ్ళకు ఒక్కసారైనా పట్టీ కట్టి చూడాలని తోచలేదు నాకు. కళ్ళు చెమర్చి గీతలు అలుక్కుపోతుంటే తుడుచుకుంటూ చూశాను. ఎందుకో ఆ కాసేపూ లేచి తిరగాలనిపించలేదు.

అక్క ఆగింది. బావ కుర్చీ వేశాడు. ఊపిరి తీసుకుని నావైపు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు, చెప్పకు. రెండు వందల పది దాటి ఉంటాయి. పదిహేనుకు లోపే."

కంప్యూటర్ ఆమె వైపు తిప్పాను. రెండు వందల పద్నాలుగు.

అక్క ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. గురువారం స్కానింగ్‌కు ఇంకా నాలుగు రోజులుంది, అందులో ఏం రాసి ఉందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"చూశావా," అంది అక్క. నాతో కాదు, బావతో కాదు. తన మోకాలు నిమురుకుంటూ అంది.